ఆప్షన్ పిల్లది, ఓటీపీ కాలేజీది

2023 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మా అప్ప దగ్గర్నుంచి ఫోను. (మా వైపు అక్కని అప్ప అంటాం.) ఎత్తగానే ఏడుపు గొంతు.

"ఒరే తమ్ముడూ, పిల్ల రాత్రి నుంచీ అన్నం ముట్టనేదు. కాలేజీ వోళ్ళు ఏటో సేసీసినారట. నువ్వు కంప్యూటర్లే కదా సేస్తావు, ఏటైందో సూడు."

మన ఐటీ వాళ్ళకి ఇది మామూలే. ఊళ్ళో ఎవరి ప్రింటర్ మొరాయించినా, ఎవరి పాస్‌వర్డ్ పోయినా మనకే ఫోను. ఇదీ అలాంటిదే అనుకున్నా. తీరా వింటే కాదు.

మాది రాజాం దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ 3 రాత్రి శ్రీకాకుళం జిల్లాలో పడుకుని, 4వ తారీకు పొద్దున్న విజయనగరం జిల్లాలో లేచిన వాళ్ళం మేం :) పక్కనున్న పాలకొండ వాళ్ళయితే పార్వతీపురం మన్యం జిల్లాలో లేచారు. పిల్ల సర్టిఫికెట్లన్నిటి మీదా శ్రీకాకుళం, ఉన్నది విజయనగరం. ఫారంలో జిల్లా అని డ్రాప్‌డౌన్ కనిపిస్తే మా వాళ్ళకి గుండె దడ. అది వేరే సంగతి.

మేనకోడలు ఆ ఏడు ఇంటర్ ఎంపీసీ పాసయింది. ఇంజనీరింగు వద్దు, డిగ్రీలో లెక్కలు చదువుతాను, తర్వాత ఎమ్మెస్సీ, తర్వాత బీఎడ్, టీచరవుతాను అంది. మా ఇళ్ళల్లో ఇంత తేటగా ఏం కావాలో చెప్పిన పిల్ల ఇదే మొదలు. నేనయితే పదిహేడేళ్ళ వయసులో "మావయ్య కొడుకు కంప్యూటర్స్ తీసుకున్నాడు" అన్న ఒక్క కారణంతో కంప్యూటర్స్ తీసుకున్నా.

జరిగిందేంటంటే, ఇంటర్ పరీక్షలయిపోగానే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్ళు ఊళ్ళోకొచ్చారు. పేరు రాయను, మా జిల్లాల వాళ్ళకి అలాంటివి నాలుగైదు గుర్తొస్తాయి. రామకోవెల అరుగు మీద కూచుని "ఉచిత రిజిస్ట్రేషన్" అన్నారు. "మార్కుల లిస్టు జెరాక్సు, ఆధార్ జెరాక్సు ఇయ్యమ్మా. ఓటీపీ వస్తాది, బేగి సెప్పు." పిల్ల చెప్పింది. ఫీజు వాళ్ళే కట్టారు. మంచోళ్ళనుకున్నారు మా వాళ్ళు.

తర్వాత అసలు ఆన్‌లైన్ అడ్మిషన్లు మొదలయ్యాక నెట్ సెంటర్‌కి వెళ్తే, "మీ పేరు మీద ఇప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయింది" అని వచ్చింది. ఆప్షన్లు కూడా పెట్టేసి ఉన్నాయి. ఎన్ని? ఒకటి. ఒకే కాలేజీ, ఒకే కోర్సు. ఆ కాలేజీలో లెక్కల మేజర్ లేదు, కాబట్టి ఉన్నదేదో పెట్టారు. మార్చాలంటే రిజిస్టరయిన మొబైలుకి ఓటీపీ వెళ్తుంది. ఆ మొబైలు ఎవరిది? ఆ కాలేజీ పీఆర్వోది. మొదటి ఓటీపీ చెప్పించుకున్నాక నంబరు మార్చేసుకున్నాడు మహానుభావుడు.

ఈ టపా ఆ పీఆర్వో గురించి కాదు. అతనికి తల ఇంత అని జీతం, ఇంతమందిని తెస్తే బోనస్. నేను రాస్తున్నది మన గురించి. ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ గురించి, రాసి "డిజిటల్" అని దండలేసుకునేవాళ్ళ గురించి.

ముందు న్యాయంగా ఒక మాట. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ రాకముందు అంతా బంగారంగా ఉండేదని నేననను. నేను ఎంసెట్ రాసిన రోజుల్లో కౌన్సెలింగ్ అంటే విశాఖపట్నం ప్రయాణం. పల్లెలో తెల్లారగట్ల మూడింటికి లేచి, రాజాంలో బస్సెక్కి, నాన్న సంచిలో సర్టిఫికెట్లు, పులిహోర, బ్యాంకు డీడీ. మన ర్యాంకు పిలిచేసరికి సాయంత్రం. లోపలికెళ్తే రెండు మూడు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో జీవితం ఎటు తిరగాలో చెప్పెయ్యాలి. డిగ్రీ కాలేజీలయితే ఇంకా దారుణం, ఎవరి దరఖాస్తు వాళ్ళదే, ఎవరి లిస్టు వాళ్ళదే, రిజర్వేషను రోస్టరు నోటీసు బోర్డు మీద పెట్టారో లేదో చూసేవాడు లేడు. తెలంగాణలో 2016లో దోస్త్ వచ్చింది. ఆంధ్రాలో 2020-21 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ సీట్లు కూడా ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్లో పెట్టింది. ఇది మంచి పని. వెనక్కి వెళ్ళమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి, లోపలి అల్గారిదం కూడా మంచిదే. మనలో చాలామందికి తెలీదు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తా. ఇలాంటి సీట్ల కేటాయింపుకి మూల సూత్రం ఇది. అందరినీ మెరిట్ వరసలో నిలబెట్టు. మొదటివాణ్ణి పిలు. వాడి ఆప్షన్ల లిస్టు పైనుంచి కిందికి చూడు. సీటు ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ ఇచ్చెయ్యి. తర్వాతివాణ్ణి పిలు. దీనికి మన రిజర్వేషన్లు కలపాలి. ఎస్సీ 15 శాతం, ఎస్టీ 6, బీసీ ఏ నుంచి ఈ దాకా 29, అన్నిట్లోనూ ఆడపిల్లలకి మూడో వంతు, ఆపైన లోకల్ 85 శాతం. కోడు కొంచెం చిక్కుపడుతుంది గానీ మూలం మారదు.

ఇందులో ఒక అందం ఉంది. ఇక్కడ అబద్ధం చెప్పి ఎవడూ బాగుపడలేడు. నీకు నిజంగా ఏది కావాలో అదే పైన పెట్టుకో, రాకపోతే నష్టం లేదు, రెండోది చూస్తుంది. లిస్టు ఎంత పొడుగైనా ఫరవాలేదు. అన్ని పద్ధతులూ ఇలా ఉండవు. అమెరికాలో బోస్టన్ పబ్లిక్ స్కూళ్ళలో 2005 దాకా ఉన్న పద్ధతిలో, మొదటి ఆప్షన్‌గా ఎవరు పెట్టారో ముందు వాళ్ళకే సీట్లు పంచేవాళ్ళు. నిజం చెప్పి మంచి స్కూలు పైన పెట్టి అది రాని పిల్లాడికి, రెండో ఆప్షన్ కూడా అప్పటికే నిండిపోయేది. తెలివైన తల్లిదండ్రులు లెక్కలేసుకుని అబద్ధం పెట్టేవాళ్ళు, అమాయకులు మునిగేవాళ్ళు. ఆర్థికవేత్తలు ఇది తప్పని చూపించాక 2005లో మార్చారు. మార్చి పెట్టింది 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు రాసిన పద్ధతి. ఆ షాప్లీకి, ఈ పద్ధతుల్ని స్కూళ్ళకీ ఆస్పత్రులకీ తెచ్చిన రాత్‌కి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన దేశంలో ఐఐటీ, ఎన్ఐటీ సీట్లన్నీ 2015 నుంచి కలిపి ఇస్తున్నది కూడా ఆ కుటుంబంలోని అల్గారిదంతోనే.

అంటే ఏంటి? నోబెల్ వచ్చిన లెక్క సర్వర్లో కూచుని ఉంది. కానీ దానికి మా పిల్ల పేరు మీద అందిన లిస్టు మా పిల్లది కాదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని అల్గారిదానికి, పక్కవాడొచ్చి పిల్ల పేరుతో అబద్ధం చెప్పాడు. అల్గారిదం ఆ అబద్ధాన్ని పరమ నిజాయితీగా అమలు చేస్తుంది. ఒకే ఆప్షన్ ఉన్న లిస్టుకి అది ఇంకేం చెయ్యగలదు?

ఇక్కడ మన సోదరులు కొందరు వెంటనే అంటారు, "అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, యూజర్ ఎడ్యుకేషన్ సమస్య. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రాసే ఉంటుంది కదా" అని.

ఏ భాషలో రాసి ఉంటుంది బాబూ? ఏ ఫోన్లో చదవాలి? మా అప్పది బటన్ల ఫోను. సీతంపేట కొండ మీద పిల్లకి సిగ్నల్ కావాలంటే ఫలానా రాయెక్కాలి. ఓటీపీకి పది నిమిషాల గడువు, రాయి దిగేలోపు అది చచ్చిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి చోట "ఒక మనిషి అంటే ఒక మొబైలు నంబరు" అని డిజైన్ చేశామంటే, తప్పు ఆ రాయి మీదున్న పిల్లదా, మనదా?

యూజర్ ఎవరు అన్న ప్రశ్న దగ్గరే మనం తప్పిపోయాం. మన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లలో "స్టూడెంట్" అంటే ఒక ల్యాప్‌టాపు, ఒక ఈమెయిలు, ఒక సొంత ఫోను, కాస్త ఇంగ్లీషు ఉన్న బొమ్మ. నిజం స్టూడెంటు అలా ఉండదు. నిజానికి ఆ స్క్రీను ముందు కూచునేది నెట్ సెంటర్ కుర్రాడో, పీఆర్వోనో. మన సాఫ్ట్‌వేర్‌కి అసలు యూజరు మధ్యవర్తి. పిల్ల ఉత్త డేటా. ఈ సంగతి ఒప్పుకుని డిజైన్ చేస్తే పీఆర్వోకి పగ్గం వెయ్యొచ్చు. ఒప్పుకోకపోతే అతనికి రాజ్యం రాసిచ్చినట్టే.

ఇదేమీ రాకెట్ సైన్సు కాదు. ఒకే ఐపీ అడ్రసు నుంచో, ఒకే ఫోను నుంచో ఒక పూటలో వంద మంది రిజిస్టరయ్యారనుకోండి. అది నెట్ సెంటరైతే ఆ వంద మందికీ వంద రకాల ఆప్షన్లుంటాయి. వందమందికీ ఒకే కాలేజీ, ఒకే ఆప్షన్ అయితే అది ఏంటో మీకూ నాకూ తెలుసు. ఒక గ్రూప్ బై, ఒక హేవింగ్. కొత్తగా చేరిన ఫ్రెషర్ రాస్తాడు ఆ క్వెరీ. అది నడిపి, బయటపడ్డ పిల్లల ఇళ్ళకి ఒక్క ఫోను కొట్టి "అమ్మా, నువ్వే పెట్టావా?" అని అడగడానికి ఎంత ఖర్చు?

సాఫ్ట్‌వేర్లో చిన్న తప్పే కదా అనేవాళ్ళకి ఒకటి గుర్తుచేస్తా. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు. తెలుగులో సున్నా వచ్చిందని చూపించిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 మార్కులు. ఆ ఫలితాల తర్వాత వారం పది రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి చావుకీ సాఫ్ట్‌వేరే కారణమని నేననను. కానీ ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ పొరపాట్లు జరిగాయని తేల్చింది. పదిహేడేళ్ళ పిల్లకి స్క్రీను మీద కనిపించింది విధి రాత లాంటిది. మనకి అది "నోన్ ఇష్యూ, వచ్చే రిలీజ్‌లో చూద్దాం".

సరే, మా పిల్ల కథకొస్తా. నేను వారం సెలవు పెట్టి వెళ్ళా. హెల్ప్‌లైన్ సెంటర్‌కి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి సార్ లేరు, రెండోసారి అర్జీ ఇంకో పద్ధతిలో కావాలి, మూడోసారి అక్కడి లెక్చరర్ ఒకాయన పిల్ల ఏడుపు చూసి తనే కూచుని నంబరు మార్పించాడు. ఆయన చల్లగా ఉండాలి. ఆప్షన్లు మళ్ళీ పెట్టాం, పదకొండు పెట్టాం. లెక్కల మేజర్ వచ్చింది. పిల్ల నవ్వింది.

కానీ అదే అరుగు మీద అదే రోజు ఓటీపీ చెప్పిన ఇంకో అమ్మాయి ఉంది, మా పిల్ల క్లాస్‌మేటు. వాళ్ళింట్లో కంప్యూటర్లు చేసే మావయ్య లేడు. ఆమె ఆ కాలేజీలోనే చేరింది. ఏం చదువుతున్నావమ్మా అంటే, "వోళ్ళు ఇచ్చింది" అంది.

సీటొచ్చింది కదా, కథ కంచికి అనుకున్నా. కాదు. అసలు కథ అప్పుడే మొదలు.

ఆ ఏడాదే, అంటే 2023-24 నుంచి, మన డిగ్రీల్లో సింగిల్ మేజర్ పెట్టారు. అంతకుముందు ఎంపీసీ, సీబీజెడ్ లాగా మూడు సబ్జెక్టులు సమానంగా ఉండేవి. అప్పుడు పెట్టిన పద్ధతిలో ఒక మేజర్, రెండో సెమిస్టర్ నుంచి పిల్లలు ఎంచుకునే ఒక మైనరు. కాగితం మీద చూస్తే భలే ఉంటుంది. లెక్కలు మేజరు, ఆర్థికశాస్త్రం మైనరు చదవొచ్చు, సంగీతం కూడా చదవొచ్చు.

జరిగిందేంటి? రెండో సెమిస్టర్ మొదట్లో కాలేజీలో ఒక ఫారం ఇచ్చారు. మైనర్ అన్న గడి ముందే ప్రింటయి ఉంది. సంతకం పెట్టమన్నారు. పిల్ల ఫోన్ చేసి, "మావయ్యా, ఎంచుకోడం అంటే సంతకమేనా?" అంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే నా బీటెక్‌లో కూడా అంతే కదా!

మీ అందరికీ గుర్తుందా? నాలుగో సంవత్సరం, ఎలక్టివ్. సిలబస్ పుస్తకంలో ఆరు పేర్లుంటాయి. హెచ్ఓడీ గారు వచ్చి "మనం ఈ ఎలక్టివ్ తీసుకుంటున్నాం" అంటారు. మనం అరవై మందిమీ "యస్ సార్" అంటాం. తర్వాత "ఓపెన్ ఎలక్టివ్" అని ఇంకోటొచ్చింది. ఓపెన్ అంటే కాలేజీకి ఓపెన్. మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికల్లో ఒక్కడే నామినేషన్ వేస్తే ఏకగ్రీవం అంటారు. మనవి ఎలక్టివ్‌లు కావు, ఏకగ్రీవాలు.

యూజీసీ 2015-16 నుంచి అన్ని యూనివర్సిటీలనీ ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ పెట్టమంది. పెట్టాం. గ్రేడ్లొచ్చాయి, క్రెడిట్లొచ్చాయి, సెమిస్టర్లొచ్చాయి. 2021లో క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ కూడా వచ్చింది. బ్యాంకొచ్చింది గానీ అందులో వేసుకునే రూపాయి ఎవరు ఎంచుకున్నదో అడిగేవాడు లేడు. పేరులో మొదటి మాట ఛాయిస్, అది తప్ప అన్నీ వచ్చాయి.

కోర్స్ రిజిస్ట్రేషన్ అన్నది నిజంగా ఎలా పనిచేస్తుందో మనలో ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్ళినవాళ్ళకి తెలుసు. నేనూ వెళ్ళొచ్చా. అర్ధరాత్రి విండో తెరుచుకుంటుంది, తత్కాల్ టికెట్ లాగా. కోర్సుల జాబితా, ఒక్కోదానికి సెక్షన్లు, ప్రతి సెక్షన్‌కీ సీట్ల సంఖ్య. నువ్వు నొక్కగానే వెనకాల నాలుగు తనిఖీలు. ముందు చదవాల్సిన కోర్సు చదివావా? టైమ్‌టేబుల్లో ఇంకోదానితో ఢీకొంటోందా? ఫీజు బాకీ ఉందా? సీటుందా? ఆఖరి సీటుకి ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఒకడికే ఇవ్వాలి, దానికి ట్రాన్సాక్షను, లాకు. ఇవన్నీ మనకి కొట్టిన పిండే. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాడికి ఫుల్‌టైము క్రెడిట్లు పడకపోతే స్టేటస్సే పోతుంది కాబట్టి ఆ రాత్రి చీపురుపల్లి వాడూ, నెల్లిమర్ల వాడూ, నేనూ ఒకే గదిలో మూడు ల్యాప్‌టాపుల ముందు దేవుణ్ణి తలుచుకుంటూ కూచునేవాళ్ళం.

అక్కడా అన్యాయం లేదనను. ఎవడి నెట్టు స్పీడైతే వాడిదే సీటు అన్నది ఏం న్యాయం? అందుకే వార్టన్ బిజినెస్ స్కూల్లో ఏళ్ళ తరబడి పాయింట్లతో వేలం పెట్టారు. వేలంలో కూడా లెక్కలేసి ఆడేవాడిదే పైచెయ్యి అని తేలి, 2013లో దాన్ని మార్చి కోర్స్ మ్యాచ్ అని తెచ్చారు. పిల్లలు ఏది ఎంత కావాలో నిజం చెప్తారు, కంప్యూటరు అందరికీ దాదాపు సమానమైన బడ్జెట్టు ఇచ్చినట్టు లెక్కగట్టి పంచుతుంది. నిజం చెప్పినవాడు నష్టపోకూడదు, అదీ దాని వెనకున్న ఆలోచన.

కానీ నన్ను ఆశ్చర్యపరిచింది ఈ అల్గారిదాలేవీ కావు, వెయిట్ లిస్టు. నేను చదివిన చోట ఒక కోర్సు నిండిపోయింది, నేను వెయిట్ లిస్టులో పద్నాలుగో వాణ్ణి. వారంలో మెయిలొచ్చింది. వెయిటింగ్‌లో చాలామంది ఉన్నారు కాబట్టి రెండో సెక్షన్ తెరుస్తున్నాం, మీకు సీటొచ్చింది అని. నేను ఎవర్నీ బతిమాలలేదు. నాకు దొరకని కోరికని ఆ సాఫ్ట్‌వేర్ రాసి పెట్టుకుంది, ఎవరో అది చదివారు. అంతే.

ఇదే నా టపా మొత్తానికి అసలు పాయింటు. మన సాఫ్ట్‌వేర్లో దొరికిన సీటుకి టేబుల్ ఉంది. దొరకని కోరికకి టేబుల్ లేదు. మా పిల్ల క్లాసులో ఎంతమందికి ఆర్థికశాస్త్రం కావాలో, ఎంతమందికి కంప్యూటర్స్ కావాలో ఏ డేటాబేసులోనూ లేదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు. ప్రింటయిన గడి కింద సంతకాలున్నాయి. రేపు ఎవరో అధికారి రిపోర్టు తీస్తే అందరూ ఒకే మైనర్ కోరుకున్నట్టు వస్తుంది, నూటికి నూరు శాతం తృప్తి!

దాని ఫలితం ఇంకా దూరం వెళ్తుంది. మా చిన్న టౌన్లలో ఫలానా మేజర్‌కి "పిల్లలు రావట్లేదు, డిమాండ్ లేదు" అని మూసేస్తారు. మూసేశాక లెక్చరర్ పోస్టు ఖాళీ అయితే నింపరు, పిల్లలు లేరు కదా. పోస్టు లేదు కాబట్టి వచ్చే ఏడు ఆ సబ్జెక్టు ఆప్షన్లలోనే ఉండదు. ఆప్షన్లలో లేదు కాబట్టి ఎవరూ అడగరు. అడగనివ్వకుండా, అడగలేదని లెక్క. విజయనగరంలో మహారాజా వారి కాలేజీ 1879లో కాలేజీ అయింది. అలాంటి గడ్డ మీద లెక్కలు చదువుతానన్న పిల్లకి దారి మూసుకుపోతే, అది పిల్లల రుచి మారి కాదు, ఆ రుచిని లెక్కపెట్టే యంత్రం మనం రాయకపోవడం వల్ల.

అభ్యంతరాలుంటాయి, నాకు తెలుసు.

"పన్నెండు మంది కోసం ఒక లెక్చరర్‌ని పెట్టడం కుదురుతుందా?" నిజమే, కుదరకపోవచ్చు. అయితే ఆ మాటే చెప్పండి. "పన్నెండు మంది అడిగారు, ఇవ్వలేకపోయాం" అని రికార్డులో రాయండి. పక్క కాలేజీలో ఇంకో పదిహేను మంది అడిగి ఉంటే ఇద్దరికీ కలిపి ఒక క్లాసు పెట్టొచ్చు, రెండు కాలేజీలూ ఒకే ఊళ్ళో ఉంటే ఆటో ఖర్చు. అదీ కాకపోతే స్వయం ఉంది. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు అందులో చదివి క్రెడిట్లు తెచ్చుకోనివ్వొచ్చు. దారులు లేక కాదు. లెక్క లేక.

"పిల్లలకి ఏం తెలుసు, ఎంచుకోడానికి?" ఈ మాట అన్నవాళ్ళని ఒకటే అడుగుతా. మీకు తెలిసే ఎంచుకున్నారా? తప్పుగా ఎంచుకుని, దిద్దుకుని, మళ్ళీ ఎంచుకుని కదా ఇక్కడికొచ్చాం. తప్పు చేసే అవకాశం కూడా చదువులో భాగమే. అది పీఆర్వోకి, ప్రింటింగ్ ప్రెస్సుకి ఇచ్చేశాం.

"మన చేతిలో ఏముంది? టెండరు వాళ్ళది, పాలసీ వాళ్ళది." ఇది మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. రోజూ క్లయింటుతో "ఇది తప్పండీ, ఇలా వద్దు" అని గంటల కొద్దీ కాల్స్‌లో వాదిస్తాం. బ్యాంకుల సాఫ్ట్‌వేర్లో పైసా తేడా వస్తే రాత్రంతా కూచుంటాం. మన ఊరి పిల్ల సీటు దగ్గరికొచ్చేసరికి "పాలసీ" అంటామా?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు.

ఒకటి. రిజిస్ట్రేషన్‌ని కాలేజీ మనిషి చేస్తే "నేను ఫలానా కాలేజీ మనిషిని" అని లాగిన్ అయి చెయ్యాలి. మధ్యవర్తి ఉంటాడు, ఉండనివ్వండి, కానీ పేరుతో ఉండాలి.

రెండు. ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యేముందు ఆ లిస్టు మొత్తం తెలుగులో ఇంటికి చేరాలి. 2025 జనవరిలో మన మిత్ర వాట్సాప్ సేవలు మొదలుపెట్టి, తర్వాతి నెలకే ఇంటర్ హాల్ టికెట్లు అందులో ఇచ్చారు. హాల్ టికెట్ రాగలిగిన చోటికి ఆప్షన్ల లిస్టు రాలేదా? బటన్ల ఫోను వాళ్ళకి, 2019లో ఊరూరా పెట్టిన సచివాలయం ఆఫీసు గోడ మీద కాగితం అంటించండి. పెళ్ళి శుభలేఖ కంటే చిన్న పని.

మూడు. ఒకే ఆప్షన్ ఉన్న లిస్టు, ఒకే ఫోను నుంచి వచ్చిన గుంపు, ఈ రెండిటినీ మనిషి చూడకుండా కేటాయింపులోకి పంపకూడదు. నంబరు మార్చుకోడానికి ఆధార్, పిల్ల మొహం చాలు. మూడుసార్లు బస్సెక్కించకూడదు.

నాలుగు. మైనర్ కానీ, ఎలక్టివ్ కానీ, ప్రతి పిల్లా మూడు కోరికలు వరసగా పెట్టాలి. దొరికింది, దొరకనిది రెండూ రాసిపెట్టి, కాలేజీ వారీగా, సబ్జెక్టు వారీగా అందరికీ కనపడేలా పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

ఇక మన వంతు. జూన్‌లో అడ్మిషన్ల రోజుల్లో ఒక్క శని, ఆదివారం మీ ఊరి నెట్ సెంటర్లో కూచోండి. రాజాం, బొబ్బిలి, టెక్కలి, సాలూరు, ఎక్కడైనా. ఆప్షన్లు ఎక్కువ పెడితే నష్టం లేదని, కావల్సిందే పైన పెట్టమని, ఓటీపీ అంటే సంతకం లాంటిదని పది మంది పిల్లలకి చెప్పండి. సంక్రాంతికి ఊరెళ్ళి ముగ్గులు ఫోటో తీసుకొచ్చే బదులు ఒకసారి ఇది చెయ్యండి. నేను 2024లో రెండు రోజులు కూచున్నా. మొదటి రోజే ఇద్దరు పిల్లలు "మాకు అయిపోయింది సార్, వోళ్ళే సేసీసినారు" అన్నారు.

మా పిల్ల లెక్కలే చదువుతోంది. ఆ మైనర్ మాత్రం సంతకం పెట్టిందే చదివింది. ఆ రెండో అమ్మాయి మొదటి ఏడాది మధ్యలో మానేసిందని తర్వాత తెలిసింది. పెళ్ళి చేశారట. రికార్డులో ఆమె తన మొదటి ఆప్షన్‌లోనే సీటు పొందిన విద్యార్థిని. ఆ ఒక్క వరస చాలు నాకు, ఈ సాఫ్ట్‌వేర్ గురించి నా అభిప్రాయం చెప్పడానికి.

మీరేమంటారు?